ఒకే లైబ్రరీకి రెండు ఇంటిపేర్లు

అల్లవరం మండలం ఓడలరేవులో ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. అలాంటి కాలేజీల ల్యాబుల్లో ఇంటెల్ కంప్యూటర్ పక్కన అరచేతిలో ఇమిడే రాస్ప్‌బెరీ పై బోర్డు ఉండటం ఇవాళ వింతేమీ కాదు. బోర్డులోది ఆర్మ్ ప్రాసెసర్. ఒకదాని యంత్రభాష రెండోదానికి బొత్తిగా తెలియదు. అయినా రెండింట్లోనూ డెబియన్ కుటుంబపు లినక్స్ నడుస్తుంది, ఒకే కమాండ్‌తో ఒకే సాఫ్ట్‌వేర్ దిగుతుంది. దీని వెనుక ఏళ్ల తరబడి సాగిన పని ఉంది.

1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన డెబియన్, 1998లో వచ్చిన 2.0 వెర్షన్‌తో ఇంటెల్ గడప దాటి మోటరోలా 68000 వర్గానికి వెళ్లింది. తర్వాత మరెన్నో ప్రాసెసర్ రకాలు వచ్చి చేరాయి. ప్యాకేజీ కట్టేవారు సోర్స్ కోడ్ పంపితే చాలు, ఒక్కో ప్రాసెసర్‌కు సరిపడా ప్యాకేజీని బిల్డ్ సర్వర్లే తయారుచేస్తాయి. లోహిత్ తెలుగు ఫాంటుకైతే అదీ అక్కర్లేదు. అక్షరాల ఆకారాలకు ప్రాసెసర్‌తో పనిలేదు కాబట్టి ఒక్కసారి కట్టిన ప్యాకేజీయే అన్నిటికీ సరిపోతుంది.

అసలు చిక్కు ఒకే కంప్యూటర్‌లో రెండు రకాల ప్యాకేజీలూ కావాల్సి వచ్చినప్పుడు మొదలైంది. 64 బిట్ యంత్రాలు వచ్చాక కూడా, పాత విండోస్ ప్రోగ్రాములను నడిపే వైన్ లాంటివాటికి 32 బిట్ లైబ్రరీలు అవసరమయ్యాయి. రెండు లైబ్రరీలకూ ఒకే పేరు, ఉండాల్సిందీ ఒకే ఫోల్డర్‌లో. డెబియన్ అప్పటికి ఒక తాత్కాలిక మార్గం పట్టింది: అవసరమైన 32 బిట్ లైబ్రరీలను ఐఏ32-లిబ్స్ అనే భారీ మూటగా కట్టింది. అందులో ఏ ఒక్కదానికి భద్రతా సవరణ వచ్చినా మూటంతా విప్పి మళ్లీ కట్టాలి. మరో లినక్స్ అయిన రెడ్ హ్యాట్ 64 బిట్‌కు వేరే ఫోల్డర్ పెట్టింది. రెండు రకాలున్నంతవరకు అది బాగానే ఉంటుంది, ఆర్మ్ వచ్చి పక్కన చేరితే దానికి చోటేదీ?

ఊళ్లో ఇద్దరు సుబ్బారావులుంటే ఇంటిపేరు చేర్చి పిలుస్తాం. డెబియన్‌లో వచ్చిన మల్టీఆర్క్ అనే పద్ధతి చేసింది అదే. ప్రతి ఆర్కిటెక్చర్‌కూ, అంటే ప్రతి ప్రాసెసర్ రకానికీ, దాని పేరుతోనే ఒక ఫోల్డర్ ఇచ్చింది. డెబియన్ డెవలపర్ స్టీవ్ లాంగసెక్ వంటివారు దీనికోసం ఎంతో శ్రమించారు. 2011లో డెబియన్ ఆధారిత ఉబుంటు 11.04లో తొలి అడుగులు పడ్డాయి. 2013 మేలో విడుదలైన డెబియన్ 7తో పూర్తిగా వాడుకలోకి వచ్చింది.

ఆలోచన సులువే, అమలే కష్టం. రెండు ఆర్కిటెక్చర్ల ప్యాకేజీలు పంచుకునే డాక్యుమెంట్ ఫైళ్లలో ఒక్క బైటు తేడా ఉన్నా ఇన్‌స్టాలర్ ఒప్పుకోదు. ఫైళ్లను కుదించే జీజిప్ ఏమో లోపల ఆ ఫైలు చివరిసారి మారిన సమయాన్ని కూడా రాసిపెడుతుంది. ఒకే ఫైలును రెండు సర్వర్లు వేర్వేరు క్షణాల్లో తయారుచేసి కుదిస్తే ఫలితాలు సరిపోలవు! ఆ సమయం రాయొద్దని జీజిప్‌కు చెప్పాల్సి వచ్చింది. ఇలాంటి చిన్న చిన్న ముళ్లను ఓపికగా విప్పినవారికే ఈ ఘనతలో పెద్ద వాటా దక్కాలి.

ఇప్పుడు డెస్క్‌టాప్‌లోనే ఆర్మ్ లైబ్రరీలు దించుకుని, రాస్ప్‌బెరీ పై కోసం ప్రోగ్రాము కంపైల్ చేసుకోవచ్చు. 2025 ఆగస్టు 9న వచ్చిన డెబియన్ 13లో రిస్క్-ఫైవ్ అనే ప్రాసెసర్ రకం అధికారికంగా చేరింది. 32 బిట్ ఇంటెల్‌కు మాత్రం సొంత కెర్నల్, ఇన్‌స్టాలర్ తీసేశారు. దాని ప్యాకేజీలు ఇక 64 బిట్ యంత్రాల్లో, మల్టీఆర్క్ ఇచ్చిన ఫోల్డర్‌లో ఉంటూ, పాత ప్రోగ్రాములను నడుపుతాయి.