ఆకాశమున రచ్చబండ

పూర్వము గ్రామమున నేదేని సందేహము కలిగినచో జనులు రచ్చబండకడ కేగెడివారు. అచట పెద్దలు తమ యనుభవమును మూల్యము గోరక పంచియిచ్చెడివారు. నేడు పెక్కు గ్రామములందు రచ్చబండలు బోసిపోయినవి. కాని కంటి కగపడని రచ్చబండలు కొన్ని యుదయమున ఆకాశమార్గమున గూడుచునే యున్నవి. రేడియోపై నభిరుచిగల యౌత్సాహికులు, లోకవ్యవహారమున హాములనబడువారు, నియమిత కాలమున నియమిత తరంగముపై కలిసికొను నీ గోష్ఠులకు "నెట్" అని పేరు. హైదరాబాదు హాముల చార్మినార్ నెట్ ఇట్టివానిలో నొకటిగా బేరు వడసినది.

ఈ సభకు భవనము లేదు, చందా లేదు, అధ్యక్షపీఠము లేదు. అయినను క్రమశిక్షణ మిక్కుటము. ఇద్దరొక్కసారి మాటలాడినచో నిరువురి మాటయు వినబడదు. కావున "నెట్ కంట్రోలు" అను బాధ్యత నొకరు వహించి, వచ్చినవారి పేరులు వ్రాసికొని, వంతులవారీగా పిలుచుచుందురు. ప్రతివాడును తన కాల్‌సైను జెప్పి, యెదుటివాని మాట యెంత స్పష్టముగా, నెంత బలముగా వినబడినదో అంకెలలో దెలుపును. స్పష్టతకు ఐదును, బలమునకు తొమ్మిదియు మేలైన గుర్తులు. వీడ్కోలు పలుకునపుడు "సెవెంటీ త్రీ" యనుట వారి సంప్రదాయము.

క్రొత్తవాడొకడు తన మాట బెంగుళూరున వినబడుటలేదని మొరపెట్టుకొనెననుకొందము. ఏరియలు తీగ పొడవెంతయని యొక పెద్ద ప్రశ్నించును. 7.1 మెగాహెర్ట్జులకు సుమారు 66 అడుగుల తీగ కావలయును. దానిని నడుమ విడదీసి 33 అడుగుల చొప్పున రెండు రెక్కలుగా గట్టవలయును. "మొదట కొంచెము పొడుగుగనే యుంచుకొని, పిమ్మట కొలిచి కొలిచి తగ్గించుకొనుడు, తొందరపడి కోసినచో నతుకులపాలగుదురు" అని యాయన హెచ్చరించును. సముద్రతీరవాసి మరియొకడు, ఉప్పుగాలికి కేబులు అతుకులు తుప్పుపట్టునని చెప్పి, వానిని టేపుతో బిగియ జుట్టుమనును. తీగను మింటికి నెత్తనక్కరలేదనియు, నిరువదియైదు ముప్పది అడుగుల యెత్తు చాలుననియు వేరొకడు చెప్పును. అట్టి తీగనుండి తరంగములు నిట్టనిలువుగా నెగసి, అయనావరణమున దాకి, గొడుగు విప్పినట్లు నలువైపుల దిగును. అందువలననే పగటివేళ మూడు నాలుగువందల మైళ్ళలోని మిత్రులు చక్కగా వినబడుదురు. రాత్రియగుకొలది సమీపస్థులు మరుగుపడి దూరదేశీయులు వినవత్తురు. ఇట్లు పుస్తకమున నొక మూల నుండు విషయము ఐదు నిమిషములలో నోటి మాటగా జేతికందును.

పంచుకొనుటయే యీ విద్యకు బ్రాణము. హైదరాబాదు నివాసియగు అష్‌హర్ ఫర్హాన్‌గారు సామాన్యముగా దొరకు విడిభాగములతో గట్టుకొనదగిన "బిట్‌ఎక్స్" అను రేడియోను రూపొందించి, దాని పటమును దాచుకొనక లోకమునకు వెల్లడించిరి. దానినిబట్టి నానాదేశములయం దౌత్సాహికులు స్వహస్తములతో రేడియోలు గట్టుకొనిరి. ఖరీదైన విదేశయంత్రములు కొనలేని విద్యార్థికి ఇంతకు మించిన యుపకార మేమున్నది?

చేతిచేతను టెలిఫోనున్న యీ కాలమున నీ వ్యాసంగమెందులకని కొందరు ప్రశ్నింపవచ్చును. రోజును అవే గుర్తులు, అవే కుశలప్రశ్నలు, పొద్దుపోని పెద్దల కాలక్షేపమని పరిహసింపవచ్చును. ఈ యాక్షేపణమున కొంత నిజము లేకపోలేదు. కాని టెలిఫోను స్తంభములపై, విద్యుచ్ఛక్తిపై, కేబులుపై నాధారపడినది. తుపాను ఈ మూటినొక్క రాత్రిలో హరింపగలదు. హాము పనికి ఒక బ్యాటరీయు, రెండు చెట్ల నడుమ గట్టిన తీగయు చాలును.

2004 డిసెంబరున హాము కార్యకర్త్రి భారతీప్రసాద్‌గారు బృందసమేతముగా పోర్టుబ్లెయిరున నుండిరి. చిరకాలముగా హాముల మాట వినబడని అండమాను ద్వీపములనుండి మాటలాడి ప్రపంచమందలి యౌత్సాహికుల ముచ్చట దీర్చుటయే యప్పుడు వారి యుద్దేశము. 26వ తేదీ యుదయమున భూమి కంపించెను, సముద్రము పొంగెను. నాటితో ఆట ముగిసినది, సేవ యారంభమైనది. ద్వీపవాసుల క్షేమసమాచారములు ఆ రేడియోపైననే దేశమునకు జేరినవి. 1999 అక్టోబరు 29వ తేదీని ఒరిస్సా తీరమును ధ్వంసము జేసిన పెనుతుపానునందును హాములు సందేశములను మోసిరి.

ఇట్టి వేళల ధైర్యమొక్కటియే చాలదు. వంతు తప్పక పలుకుట, గ్రహింపబడని పేరును అక్షరమక్షరముగ విడదీసి చెప్పుట, వినినదానిని తిరిగి యొప్పజెప్పుట, ముఖ్యవార్తకు దారి విడుచుట అలవడియుండవలయును. పరిహాసపాత్రమైన యా దినదినపు కుశలప్రశ్నయే ఈ విద్యకు సాధన. కసరత్తు లేని సైన్యము యుద్ధదినమున నేమి చేయగలదు?

రాష్ట్రేతరాంధ్రులు ఈ విషయమును మరింత శ్రద్ధతో నాలోచింపవలసియున్నది. బరంపురమునకు జేరువనున్న గోపాలపురమువద్ద 1999 అక్టోబరున నొకటియు, 2013 అక్టోబరున నొకటియు తీవ్రమైన తుపానులు తీరము దాటినవి. 1996 నవంబరు తుపాను గోదావరి ముఖమును, యానామును గలచివైచినది. తంతి తెగిన రాత్రి బరంపురమందలి తల్లి క్షేమము బొంబాయిలోని కుమారునకు దెలియుటెట్లు? తరంగమునకు రాష్ట్రపు సరిహద్దులు లేవు. తెలుగు పల్కునపుడు తెలుగే మోయును.

అయితే హాములయెడను లోపము లేకపోలేదు. తమ యనుభవము గాలిలో బుట్టి గాలిలో లీనమగుచుండ వారుపేక్షించుచున్నారు. వినినవాడే ధన్యుడు, ఆ యుదయము నిద్రించినవాని కదిలేదు. ఈ సూచనలను సులభమైన తెలుగున వ్రాసియుంచుట పెద్దల విధి. కేంద్రప్రభుత్వము జరుపు పరీక్షయందు గృతార్థులైనవారికే లైసెన్సు లభించును. పండ్రెండేండ్లు నిండిన బాలబాలికలు సైత మర్హులే. తీరప్రాంతపు కళాశాల ప్రతిదానియందును ఒక స్టేషను, దానిచుట్టు పదిమంది విద్యార్థులు నుండుట అసాధ్యమైన కోరిక కాదు.

రచ్చబండపై గూర్చుండు పెద్దలు తరలిపోకముందే ప్రక్కన పిల్లలు గూర్చుండవలయును. తుపాను వచ్చినపిమ్మట తీగ గట్టనారంభించుట, ఇల్లు కాలుచుండ నూయి త్రవ్వుటవంటిది.