పలనాటి శిలలలో పురిటి కథ

స్త్రీకి ప్రసవము పునర్జన్మమని మన పెద్దలు చెప్పుదురు. ఆ మాట యలంకారము కాదు. కన్నతల్లు లందఱెఱిగిన సత్యము. యుద్ధమున నొఱగిన పలనాటి వీరులకు కారెమపూడిలో గుడి కలదు. ఏటేట వారి యుత్సవము జరుగుచున్నది. అది తగినదే. కాని ప్రాణము లొడ్డి బిడ్డను గనిన తల్లికిని, తెల్లవార్లు ప్రక్కను గూర్చుండి యా బిడ్డ నందుకొనిన మంత్రసానికిని మనము నిలిపిన గుర్తు లెవ్వి?

గుర్తులే లేవనుటకు వీలులేదు. మన పలనాటి సీమలోనే, మాచర్లకు చేరువనున్న నాగార్జునకొండలో, సుమారు పదునేడు వందల యేండ్లనాటి పురిటి కథ శిలపై నున్నది. క్రీ.శ. 3, 4 శతాబ్దములలో నచ్చట ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి వెలసియుండెను. 1927 మొదలు 1931 వఱకు లాంగ్‌హర్‌స్టు దొరయు, నాగార్జునసాగరపు నీటిలో లోయ మునుగనున్నదని తేలిన పిదప 1954 మొదలు 1960 వఱకు ఆర్. సుబ్రహ్మణ్యముగారును అచ్చట త్రవ్వకములు జరిపించిరి. అట్లు వెలికివచ్చిన శిల్పము లనేకము నేడు జలాశయము నడుమ ద్వీపముపైనున్న ప్రదర్శనశాలలో భద్రపఱుపబడియున్నవి.

ఆ శిల్పములలో బుద్ధుని జననమును జూపు ఫలకములు కలవు. మాయాదేవి లుంబినీవనమున చెట్టుకొమ్మను చేతబట్టి నిలుచున్నది. ప్రక్కను దేవతలు పొడవైన వస్త్రము నొకదానిని చేతులపై పట్టియున్నారు. శిశువు కానరాడు. ఆ వస్త్రముపై చిన్ని పాదముల గుర్తులు మాత్రమే యున్నవి. బుద్ధుని మనుష్యరూపమున జూపక గుర్తులతో దెలుపు ప్రాచీనాచార మిది. కృష్ణకు దిగువనున్న అమరావతి శిల్పములందును ఈ విధమే కనబడును. వానిలో నొక ఫలకము నేడు లండను నగరమందలి బ్రిటిష్ మ్యూజియములో నున్నది.

ఈ శిల్పమును జూచిన స్త్రీకి రెండు సంగతులు తోపకమానవు. మొదటిది, తల్లి పండుకొని లేదు. ఊతము పట్టుకొని నిలుచున్నది. నొప్పులు వచ్చునపుడు దూలమునుండి వ్రేలాడదీసిన త్రాటినో, తోడివారి భుజమునో పట్టుకొనుట మన ముసలమ్మలకు దెలిసిన పద్ధతియే. ఇబ్బందిలేని కాన్పులలో తల్లిని అటునిటు నడువనిచ్చి, తనకు హాయిగానున్న భంగిమను కోరుకొననిచ్చుట మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థయు 2018లో సలహా నిచ్చినది. రెండవ సంగతి యింకను ముఖ్యమైనది. బిడ్డను గుడ్డలో నందుకొనుట మంత్రసాని పని. శిల్పి యా పనిని దేవతల కప్పగించినాడు. పని కంత గౌరవము గలిగినది. ఆ పని చేయు మనిషికి మాత్రము శిలపై చోటు దొరకలేదు.

ఆ నగరమున స్త్రీలకు పేరు లేకపోలేదు. రాజులు వాసిష్ఠీపుత్రుడనియు, మాఠరీపుత్రుడనియు తల్లిపేరును ముందిడుకొని పిలువబడిరి. మహాచైత్యమును చాంతిసిరి యను రాజసోదరి నిర్మింపజేసెను. ఎహువల చాంతమూలుని దేవియగు ఖండువుల యొక స్త్రీమూర్తిని చేయించి, తాను సుమంగళిననియు, బిడ్డ బ్రతికియున్న తల్లిననియు దానిపై చెక్కించుకొనెను. కాళ్లు మడిచి విప్పి కూర్చున్న యా మూర్తిది ప్రసవాసనమని కొందఱును, సంతానసమృద్ధికి గుర్తని మఱికొందఱును పండితులు చెప్పుదురు. ఏదైనను, బిడ్డ బ్రతికియున్నదని రాతిపై వ్రాయించుకొనిన తల్లి మనస్సు మనకు దెలియనిది కాదు. బిడ్డలు దక్కుట యెంత కష్టమో రాణివాసమునకును దెలిసియుండవలెను.

ఆ నగరముననే హారీతికి గుడి యుండెను. హారీతి పూర్వము పరుల బిడ్డలను భక్షించు యక్షిణి యట. బుద్ధు డామె కడగొట్టు బిడ్డను తన భిక్షాపాత్రము క్రింద దాచగా, ఆమెకు కడుపుకోత యన నేమో తెలిసివచ్చి, నాటినుండి పిల్లలను గాచు తల్లి యయ్యెనని బౌద్ధుల కథ. రాణికి శాసనము కలదు, దేవతకు గుడి కలదు. కాని మంత్రసానికి గుర్తు మన జ్ఞాపకమే.

ఆ జ్ఞాపకమైనను నిలుచునా? మన అమ్మమ్మల కాలమున పురుడనగా నులకమంచము, కుంపటి, కాగునీళ్లు, కాయపు టుండలు, పాతచీరెల బొంత. మంత్రసాని అర్ధరాత్రి పిలిచినను వచ్చెడిది. చాటలో జొన్నలో బియ్యమో, ఒక చీరయో పుచ్చుకొని పోయెడిది. బిడ్డ నందుకొనిన యా చేతినే, పురుడు వెళ్లిన మఱునాడు అంటరాని చేయిగా జూచిన యిండ్లును గలవు. ఈ తప్పును మనము దాచుకొనరాదు.

ఆ కాలము మరల రావలెనని నా యభిప్రాయము కాదు. శుభ్రతయు, మందులును, రక్తమెక్కించు వసతియు లేక యెందఱు తల్లులు పురిటిలోనే కన్నుమూసిరో మన కుటుంబములే సాక్ష్యము. 1883లో గుంటూరునకు వచ్చిన వైద్యురాలు అన్నా కుగ్లరు 1898లో స్త్రీల కాసుపత్రి దెఱచుట యందుకే. కాన్పు ఆసుపత్రిలో జరుగుటయే క్షేమము. మంత్రసాని విద్యయు నేడు చదువుతో గూడి తిరిగి వచ్చుచున్నది. 2017లో తెలంగాణ ప్రభుత్వము యూనిసెఫ్, ఫెర్నాండెజ్ సంస్థల సాయముతో నర్సులకు 18 నెలల శిక్షణ నారంభించినది. మఱుసటి యేడు కేంద్ర ప్రభుత్వమును మంత్రసాని సేవలకు నియమములు ప్రకటించినది. విద్య తిరిగి వచ్చుచుండగా దాని కథ మాత్రము పోవలసిన పనిలేదు.

ఇతర దేశముల స్త్రీలు ఈ కథను కళతో నిలుపుకొనుచున్నారు. అమెరికాలో జూడీ చికాగో యను చిత్రకారిణి, పాశ్చాత్యచిత్రములలో ప్రసవదృశ్యము మిక్కిలి యరుదని గ్రహించి, 1980 మొదలు 1985 వఱకు తాను గీసిన రూపములను సుమారు 150 మంది కుట్టుపనివారిచేత కుట్టించినది. వారిలో పెక్కండ్రు మనవలెనే యింటిలో కూర్చుండి సూది పట్టినవారు. ఇంగ్లండులో 2008లో చిత్రకారులను మంత్రసానులతోను, ప్రసూతివైద్యులతోను జతపఱచి యొక ప్రదర్శనము జరిపిరి. అదియే బర్త్ రైట్స్ కలెక్షన్ అను సంగ్రహముగా బెరిగి, మంత్రసాని విద్య నేర్పు విశ్వవిద్యాలయపు గోడలపై విద్యార్థినుల కన్నులయెదుట నిలిచినది. కళాకారులకు పోటీలు పెట్టుటయు, వారిని ఆసుపత్రులలోను విద్యాలయములలోను కొన్నాళ్లుంచి ఆ పనిని దగ్గఱనుండి చూడనిచ్చుటయు ఇట్టి సంస్థల పద్ధతి.

ఇది మనకు చేతగాని పనియా? బొంత కుట్టుట మనకు క్రొత్త కాదు. నరసరావుపేట, గురజాల, మాచర్ల మహిళాసమాజములు సంక్రాంతికి ముగ్గుల పోటీలు పెట్టినట్లే, ఒక యేడు పురిటి బొంతల పోటీ పెట్టరాదా? ఒక్కొక్క కుటుంబమువారు తమ యింటి కాన్పు కథను, తల్లి పేరును, బిడ్డ నందుకొనిన మంత్రసాని పేరును కలిపి యొక బొంతపై కుట్టవలెను. చిత్రకళ నేర్చిన మన బాలిక యొకతె యొక నెల ప్రసూతివార్డులోని నర్సుల వెంట నుండి, తల్లుల యనుమతితో బొమ్మలు గీయవలెను. పల్లెలలో మిగిలియున్న వృద్ధ మంత్రసానులను పిలిచి, వారి మాటలు వ్రాసికొని, ముందువరుసలో కూర్చుండబెట్టవలెను. ఇందుకు ధనము కంటె మనస్సే యెక్కువ కావలెను.

ముందుగా మనయింటి పెద్దమ్మనో, నాయనమ్మనో అడుగుదము: "అవ్వా, నన్ను మొదట చేతులలోనికి దీసికొనిన దెవరు?" పేరు చెప్పగలిగిన వెంటనే వ్రాసి యుంచుదము. నాగార్జునకొండ శిల్పి యొక గుడ్డపై రెండు పాదములు చెక్కి బిడ్డను చూపినాడు. ఆ గుడ్డను పట్టిన చేతుల పేరు వ్రాయుట మనకు మిగిలిన పని.