లూల్‌కందుర తేయాకు తోటలో ఒక దినము



ప్రతి ఉదయము మనము త్రాగు తేనీరు ఏ నేలలో పుట్టునో, ఎట్లు తయారగునో మనలో చూచినవారు తక్కువ. శ్రీలంకలో కాండీ పట్టణమునకు సుమారు 35 కిలోమీటర్ల దూరమున లూల్‌కందుర అను తోట కలదు. ఆ దేశమున తేయాకును అమ్మకపు పంటగా మొదట నాటినది ఇచ్చటనే. ఒక్క దినములో చూచి రాదగిన ఈ తోటలో, ఏ పంట పండించు రైతుకైనను పనికివచ్చు పాఠమొకటి ఉన్నది.

తోటలో చూడవలసినవి

ఉదయమే కాండీలో బయలుదేరి గలహ, దెల్తోట మీదుగా కొండ ఎక్కవలెను. పైకి పోయినకొలది ఎండ తగ్గి చల్లగాలి తగులును. తేయాకు మొక్క సహజముగా చెట్టు. వదలివేసినచో మనిషి తలను మించి పెరుగును. కొన్ని ఏండ్లకొకసారి కొట్టివేసి, నడుము ఎత్తున నిలుపుటచేతనే చిగురు దట్టముగా వచ్చును. ఉదజని సూచిక 4.5 నుండి 5.5 వరకు గల పుల్లని నేల దీనికి అనుకూలము. వాన మెండుగా కావలెను గాని, వేళ్ల వద్ద నీరు నిలువరాదు. కావుననే మన సున్నపు నేలలలో ఇది బ్రతుకదు.

తమిళనాటి నుండి వలసవచ్చిన కూలీల సంతతివారైన స్త్రీలు ఒక మొగ్గ, రెండు లేత ఆకులు చొప్పున గిల్లుచుందురు. ముదురు ఆకు కలిసినచో సరకు నాణ్యము చెడును. కోసిన ఆకును ముందు వాడబెట్టుదురు. తరువాత యంత్రములో నలిపి, గాలి తగులునట్లు పరచి రంగు మారనిత్తురు. పిదప వేడిగాలిలో ఆరబెట్టి జల్లించుదురు. ఒక కిలో తేయాకు తయారగుటకు నాలుగైదు కిలోల పచ్చి ఆకు పట్టును.

పందొమ్మిది ఎకరముల కథ

జేమ్స్ టేలరు అను స్కాట్లండు యువకుడు 1852లో, పదునారేండ్ల ప్రాయమున, కాఫీ తోటల పనికి ఇచ్చటికి వచ్చెను. 1867లో ఈ తోటలో 19 ఎకరములలో తేయాకు నాటెను. అప్పటికి కాఫీ మంచి రాబడి నిచ్చుచునే యుండెను. మొదట అతడు తన బంగళా వసారాలో ఆకును చేతులతో నలిపించి, మట్టి పొయ్యిలపై బొగ్గుల సెగన ఆరబెట్టించెను. 1872 నాటికి యంత్రముతో కూడిన కర్మాగారము నెలకొల్పెను.

ఈలోగా, 1869లో, ఆ దేశపు కాఫీ ఆకులపై తుప్పు తెగులు కనిపించెను. ఆకు అడుగున నారింజ రంగు పొడి పుట్టును, ఆకు రాలును, కొమ్మ బలహీనమై కాపు తగ్గును. ఇది వాతావరణ దోషమనియు, దానంతట అదే పోవుననియు అనేకులు తలచిరి. నిజమునకు అది ఒక శిలీంధ్రము. దాని సిద్ధబీజములు గాలితోను, వానతోను వ్యాపించును. కొండ వెంట కొండ కాఫీయే యుండుటచే దానికి అడ్డు లేకపోయెను. బోర్డో మిశ్రమము సంగతి 1885లో గాని లోకమునకు వెల్లడి కాలేదు. రెండున్నర లక్షల ఎకరములకు మించిన కాఫీ 1880లలో కూలిపోయెను.

ఆ శిలీంధ్రము తేయాకును తాకలేదు. అంతకంటె ముఖ్యమైనది మరొకటి: కాఫీ పోవునాటికే తేయాకు పెంచు విధము, ఆరబెట్టు విధము టేలరు తోటలో తేలియుండెను. ఇతరులు దానినే చూచి నేర్చుకొనిరి. 1900 నాటికి తేయాకు మూడు లక్షల ఎకరములు దాటెను. టేలరు 1892లో ఈ తోటలోనే మరణించెను. అతని కుటీరపు పొగగొట్టము నేటికిని అచ్చట నిలిచియున్నది.

మనము గ్రహింపవలసినది

తరువాత తేయాకే ఏకపంట యయ్యెను. 1946లో ఆకులపై బొబ్బలు లేపు తెగులు దానికిని వచ్చెను. కావున పంట మార్చినంతమాత్రమున భయము తొలగదు. ఎల్లప్పుడు రెండవ దారి నొకదానిని సిద్ధముగా ఉంచుకొనవలెను. మన అరకు, పాడేరు కొండలలో సిల్వర్ ఓక్ నీడన కాఫీని పెంచి, ఆ చెట్లకే మిరియపు తీగ ప్రాకించుట ఇట్టి మంచి పద్ధతియే. అయినను తుప్పు తెగులు అచ్చటను కలదు. ఆకు అడుగును తరచు పరీక్షించుచుండవలెను.

మైదానపు రైతులు కూడ, ఉన్న పంట బాగుగా పండుచున్నప్పుడే, కొలది సెంట్లలో మరొక పంటను వేసి చూడుడు. ఖర్చు, దిగుబడి, అమ్మిన ధర పుస్తకములో వ్రాసికొనుడు. నష్టము వచ్చినను అది కొలది సెంట్లతో పోవును. పంట చెడిన ఏడు చేతిలో పైకము ఉండదు, పరీక్షకు వ్యవధియు ఉండదు. టేలరు 19 ఎకరములు నాటినది కాఫీ చెడిన పిమ్మట కాదు, రెండేండ్ల ముందే యని మరువకుడు.