పిడుగు దూరాన పడితే కంప్యూటర్ ఎందుకు పాడవుతుంది?

మే నెలలో ఒక సాయంత్రం. శామీర్‌పేట చెరువు మీదుగా కారుమబ్బు కమ్ముకొచ్చింది. ఈదురుగాలి లేచింది. కళ్ళు మిరుమిట్లు గొలిపే మెరుపు, వెంటనే పెద్ద ఉరుము. కరెంటు పోయింది. అరగంటకు మళ్ళీ వచ్చింది గాని, కంప్యూటర్ మాత్రం పనిచేయలేదు. పిడుగు ఇంటి మీద పడలేదు, ఎక్కడో గుట్ట మీద పడింది. మరి కంప్యూటర్ ఎందుకు చెడిపోయింది?

పిడుగు అంటే మేఘానికీ భూమికీ మధ్య ప్రవహించే విద్యుత్తు. సాధారణంగా ఒక పిడుగులో దాదాపు 30,000 ఆంపియర్ల విద్యుత్తు ఉంటుంది. మన ఇంట్లో ఫ్యానుకు అర ఆంపియరు కూడా అక్కరలేదు! 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లోనే 36,749 పిడుగులు నమోదయ్యాయి. కాబట్టి మన ప్రాంతంలో ఇది అరుదైన విషయం కాదు.

ఫారడే 1831లో కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణను మీరు పాఠంలో చదివే ఉంటారు. ఒక చోట విద్యుత్ ప్రవాహం మారితే, దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం మారుతుంది. ఆ క్షేత్రంలో ఉన్న తీగలో వోల్టేజి పుడుతుంది. మార్పు ఎంత వేగంగా జరిగితే వోల్టేజి అంత ఎక్కువ. పిడుగులో ప్రవాహం సెకనులో పది లక్షల వంతు కాలంలోనే వేల ఆంపియర్లు పెరుగుతుంది. అందువల్ల కొన్ని వందల మీటర్ల దూరంలో ఉన్న కరెంటు తీగల్లోనూ, కేబుల్ తీగల్లోనూ వేల వోల్టులు పుట్టవచ్చు. ఈ తాకిడినే ‘సర్జ్’ అంటారు.

బల్బు, ఫ్యాను దీనిని కొంతవరకు ఓర్చుకుంటాయి. కంప్యూటర్ ఓర్చుకోలేదు. దానిలోని చిప్పులు ఒకటి నుంచి ఐదు వోల్టులతో పనిచేస్తాయి. వాటి లోపలి బంధక పొరల మందం కొన్ని నానోమీటర్లే. అంటే మన తల వెంట్రుక కన్నా వేల రెట్లు పలుచన! కొద్ది వోల్టులు ఎక్కువైనా ఆ పొర చిల్లులు పడుతుంది.

దీనిని అడ్డుకోవడానికి సర్జ్ ప్రొటెక్టర్ వాడతారు. అందులో జింక్ ఆక్సైడ్‌తో చేసిన చిన్న బిళ్ళ ఉంటుంది. మామూలు 230 వోల్టుల దగ్గర అది విద్యుత్తును దాదాపు పోనివ్వదు. వోల్టేజి హద్దు దాటగానే క్షణంలో వాహకంగా మారి, అదనపు విద్యుత్తును పక్కకు మళ్ళిస్తుంది. తాకిడి తగిలిన ప్రతిసారీ అది కొంత అరుగుతుంది కనుక కొంతకాలానికి మార్చాలి. స్టెబిలైజర్ ఈ పని చేయలేదు. దాని మీటలు కదిలే లోపే సర్జ్ లోపలికి వెళ్ళిపోతుంది.

మళ్ళించిన విద్యుత్తుకు దారి కావాలి కదా! ఆ దారే ఎర్తింగ్. ఇక్కడే మన ప్రాంతపు చిక్కు ఉంది. మేడ్చల్, శామీర్‌పేట పరిసరాల్లో చాలా చోట్ల కొద్దిపాటి మట్టి కిందనే గట్టి బండ తగులుతుంది. ఎండాకాలంలో ఆ మట్టి కూడా ఎండిపోతుంది. మట్టిలో విద్యుత్తు ప్రవహించేది తేమ వల్ల, అందులో కరిగిన లవణాల వల్ల. అందుకే ఎర్త్ గుంటలో బొగ్గు, ఉప్పు వేస్తారు. బొగ్గు తేమను పట్టి ఉంచుతుంది, ఉప్పు కరిగి అయాన్లను ఇస్తుంది. వేసవిలో ఆ గుంటలో నీళ్ళు పోయించండి. ఎర్తింగ్ సరిగా ఉన్నదో లేదో ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష చేయించండి. ప్లగ్గు మూడో పిన్నును ఎన్నడూ విరగ్గొట్టకండి.

గాలివాన తెచ్చే మరో ప్రమాదం న్యూట్రల్ తీగ తెగడం. అప్పుడు కొన్ని ఇళ్ళకు 400 వోల్టుల దాకా రావచ్చు. ఒక ఇంట్లో దీపాలు మరీ ప్రకాశంగా, పక్కింట్లో మసకగా వెలిగితే అది దీని గుర్తు కావచ్చు. వెంటనే మెయిన్ ఆపి, 1912కు ఫోన్ చేయమని పెద్దలకు చెప్పండి. తెగిపడిన తీగ దగ్గరకు మాత్రం పోవద్దు.

అన్నిటికన్నా మంచి రక్షణకు పైసా ఖర్చు లేదు. మబ్బు పట్టగానే ప్లగ్గు తీసివేయడమే! స్విచ్చి ఆపితే చాలదు. స్విచ్చిలోని చిన్న ఖాళీని వేల వోల్టులు దూకగలవు. ఇంటర్నెట్ తీగను, టీవీ కేబుల్‌ను కూడా ఊడదీయాలి. బయటి నుంచి వచ్చేది గాజు ఫైబర్ అయినా, రౌటర్ నుంచి కంప్యూటర్‌కు వెళ్ళే తీగ రాగిదే. చదువుకు సంబంధించిన ఫైళ్ళకు ఒక నకలు వేరే చోట దాచుకోండి.

ఒక హెచ్చరిక. మెరుపుకూ ఉరుముకూ మధ్య అంకెలు లెక్కపెట్టండి. శబ్దం ఒక కిలోమీటరు రావడానికి సుమారు 3 సెకన్లు పడుతుంది. 30 సెకన్ల లోపే ఉరుము వినిపిస్తే పిడుగు మీ దాపునే ఉన్నట్టు. అప్పుడు ఏ తీగనూ, ప్లగ్గునూ ముట్టుకోకండి. కంప్యూటర్ పోతే మరొకటి కొనుక్కోవచ్చు, ప్రాణం అలా కాదు.

ఉరిమినప్పుడు మన అవ్వలు ‘అర్జునా, ఫల్గుణా’ అంటూ అర్జునుని పేర్లు తలుచుకునేవారు. మీరూ తలుచుకోండి. కాని మొదటి ఉరుము వినపడక ముందే ప్లగ్గు తీసి ఉంచండి!