అంగుళంలో ఆరడుగులు

ఉద్దేశం: నమూనా నిర్మాణం వినోదమే కాక శాస్త్రం, చరిత్ర కలిసిన కళ అని తెలియజేయడం; రెండవ ప్రపంచయుద్ధకాలపు ఒక బాంబరు విమానం కథ ద్వారా ఓర్పు, పరిశీలన, బాధ్యత అనే గుణాలను విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

మానవుడు అనుకరణప్రియుడు. కంటికి కనిపించిన ప్రతి పెద్ద వస్తువునూ చేతిలో ఇమిడేంత చిన్నదిగా చేసి చూసుకోవాలనే కోరిక అతనికి అనాదిగా ఉంది. సంక్రాంతి బొమ్మల కొలువులో కొలువుదీరే ఏనుగు అంబారీ, దశావతారాలు, తాటిచెట్టు ఎక్కే గీతకార్మికుడు ఈ కోరికకు రూపాలే. అయితే బొమ్మకూ నమూనాకూ భేదం ఉంది. బొమ్మ చేసే శిల్పి ఏనుగును తన ఊహకు తగినట్లు పొడవుగానో పొట్టిగానో మలచవచ్చు. నమూనాకు ఆ స్వేచ్ఛ లేదు. మూలవస్తువులోని ప్రతి కొలతనూ ఒకే నిష్పత్తిలో తగ్గించి నిర్మించినదే నమూనా.

చిన్న రూపం పెద్ద రూపాన్ని ఎలా కాపాడుతుందో తెలుసుకోవడానికి తెలుగువారు దూరం వెళ్ళనవసరం లేదు. ఒకప్పటి కృష్ణాజిల్లా మెట్టప్రాంతమైన నందిగామ, జగ్గయ్యపేటలు 2022 నుండి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. తన తండ్రి జగ్గయ్య పేర జగ్గయ్యపేటను నెలకొల్పినవాడు రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు. నందిగామ సీమకు దక్షిణాన, కృష్ణానది ఆవలి ఒడ్డున అమరావతి పట్టణాన్ని అభివృద్ధి చేసినవాడూ ఆయనే. ఆ కొత్త పట్టణ నిర్మాణకాలంలో అక్కడి ప్రాచీన బౌద్ధస్తూపపు రాళ్ళు ఇళ్ళ గోడలలోకీ మెట్లలోకీ చేరాయి. మహాచైత్యం రూపుమాసింది. అయినా అది ఎలా ఉండేదో నేటి చరిత్రకారులు చెప్పగలుగుతున్నారు. కారణం, ఆ స్తూపానికి పొదిగిన కొన్ని ఫలకాలపై శిల్పులు అదే స్తూపాన్ని చిన్నదిగా చెక్కి ఉంచారు. అండం, ప్రాకారం, సింహాలు, ఆయక స్తంభాలు అన్నీ ఆ రాతిపై ఉన్నాయి. పెద్దది పోయింది, చిన్నది సాక్ష్యం చెబుతున్నది.

విమాన నమూనాల విషయంలోనూ ఇదే జరిగింది. వీటిలో విస్తృతంగా వాడే కొలమానం 1/72. అంటే అసలు విమానంలోని 72 అంగుళాలు నమూనాలో ఒక అంగుళమవుతాయి. ఆరడుగుల పైలట్ అంగుళం ఎత్తు మనిషిగా మారతాడు. బ్రిటన్‌లో 1930లలో ఈ కొలమానం వాడుకలోకి వచ్చింది. 1936లో అక్కడే ప్లాస్టిక్ భాగాలతో కూడిన విమానాల కిట్లు వెలువడ్డాయి.

యుద్ధం రాగానే ఈ వినోదం విధిగా మారింది. ఆకాశంలో కనిపించే విమానం తమదో శత్రువుదో క్షణంలో గుర్తించలేకపోతే ప్రాణనష్టం తప్పదు. అందుకు విమానాకృతులు సైనికుల కంటికి అలవాటు కావాలి. 1942లో అమెరికా నౌకాదళం పాఠశాలల విద్యార్థులను ఐదు లక్షల నమూనా విమానాలు తయారుచేసి ఇవ్వమని కోరింది. కొలమానం 1/72, సాధనం కొయ్య. నేటి జూనియర్ కళాశాల విద్యార్థుల ఈడువారు చెక్కిన ఆ నమూనాలను చూసి సైనికులు విమానాలను గుర్తుపట్టడం నేర్చుకున్నారు.

అదే సంవత్సరం యుద్ధం తెలుగుతీరాన్ని తాకింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానవాహక నౌక ర్యూజో నుండి ఎగిరిన విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. తీరప్రాంత ప్రజలు భయంతో లోపలి ఊళ్ళకు తరలిపోయారు. ఆకాశంలో మోత వినిపిస్తే తలెత్తి చూడవలసిన కాలం అది.

ఆ యుద్ధంలో విస్తారంగా వాడిన బాంబరు విమానం అమెరికాలో తయారైన బి-24 లిబరేటర్. ఈ రకానివి 18 వేలకు పైగా తయారయ్యాయి. దీని రెక్కల వెడల్పు 110 అడుగులు, పొడవు సుమారు 67 అడుగులు. 1/72 నమూనాలో రెక్కల వెడల్పు పద్ధెనిమిది అంగుళాలకు కొంచెం ఎక్కువగా, పొడవు పదకొండు అంగుళాలుగా ఉంటుంది. చదువుకొనే బల్లపై సులువుగా నిలుస్తుంది.

కిట్‌లోని భాగాలు ప్లాస్టిక్ చట్రానికి అంటుకొని ఉంటాయి. వాటిని విరవకూడదు, పదునైన కత్తితో కోసి, కోసిన చోటును ఉప్పుకాగితంతో నునుపు చేయాలి. జిగురు పూయడానికి ముందు భాగాలను ఒకసారి ఉత్తగా చేర్చి చూడాలి. దేహాన్ని మూసిన తరువాత లోపలికి చేయి పోదు కనుక పైలట్ల గదికి, ఆసనాలకు ముందుగానే రంగు వేయాలి. లిబరేటర్ ముక్కు కింద ఒక చక్రం, రెక్కల కింద రెండు చక్రాలు ఉంటాయి. దేహపు రెండు సగాలను అతికించక మునుపే ముక్కులో సీసపు గుండ్లవంటి బరువు అమర్చాలి. లేకపోతే అంతా పూర్తయిన తరువాత విమానం తోకమీద కూలబడుతుంది. అప్పుడు చేయగలిగింది ఏమీ ఉండదు.

ఈ పనికి వాడే జిగురు ప్లాస్టిక్‌ను కొద్దిగా కరిగించి రెండు ముక్కలను ఒకటి చేస్తుంది. దాని ఆవిరి హానికరం. కిటికీలు తెరిచి ఉంచడం అవసరం. అతుకులలోని సందులను లప్పంతో నింపి, ఆరిన పిమ్మట నునుపు చేయాలి. ఇక్కడ నిష్పత్తి తన ప్రతాపం చూపుతుంది. నమూనాపై అరమిల్లీమీటరు ఎత్తున మిగిలిన గరుకుతనం అసలు విమానంపై 36 మిల్లీమీటర్ల గడ్డతో సమానం. చిన్న తప్పు చిన్నది కాదని చేతివేళ్ళు నేర్చుకొనేది ఇక్కడే.

నందిగామ నుండి విజయవాడ వెళ్ళే దారిలో ఉన్న కొండపల్లి కళాకారులకు ఈ క్రమం కొత్త కాదు. వారు తెల్లపొణికి కొయ్యతో అవయవాలను విడివిడిగా చెక్కుతారు. చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో వాటిని అతికి, అతుకు తెలియకుండా నునుపు చేసి, సున్నం పూసి, ఆపై రంగులు వేస్తారు. కిట్ దొరకని విద్యార్థి మెత్తని కొయ్యతోనో అట్టతోనో విమానం చేయవచ్చు. కావలసినవి సరైన కొలతల పటం, ఓర్పు.

చివరగా అంటించే గుర్తులు చరిత్రజ్ఞానాన్ని పరీక్షిస్తాయి. భారత వాయుసేన విమానమైతే అది ఏ సంవత్సరానిదో ముందుగా నిర్ణయించుకోవాలి. స్వాతంత్ర్యానంతరం కొద్దికాలం విమానాలపై అశోకచక్రం గుర్తుగా ఉండేది. 1950 నుండి మూడు రంగుల వలయం వచ్చింది. పుస్తకం తిరగవేయనివాడి నమూనా నునుపుగా ఉండవచ్చు, నిజంగా ఉండదు.

లిబరేటర్‌కు భారతదేశంతో ఉన్న సంబంధం విశేషమైనది. యుద్ధం ముగిశాక అనేక లిబరేటర్లను కాన్పూరులో వదలివేశారు. అవి మళ్ళీ ఎగరకుండా వాటిని పాడుచేశారు. స్వతంత్ర భారతానికి బాంబరు విమానాలు అవసరమైనప్పుడు బెంగుళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ ఇంజనీర్లు ఆ శిథిలాలను పరిశీలించారు. ఒకదానిలో చెడినది మరొకదాని నుండి తీసి కూర్చారు. ఎగరగలిగే స్థితికి తెచ్చిన విమానాలను జంషెడ్ మున్షీ అనే పైలట్ బెంగుళూరుకు నడిపాడు. అక్కడ అవి పూర్తిగా బాగుపడ్డాయి. 1948 నవంబరులో మొదటి లిబరేటర్లు వాయుసేన 5వ స్క్వాడ్రన్‌లో చేరాయి. 1968 వరకు ఈ విమానాలు సేవలో ఉన్నాయి. నిలువెత్తు కొలతలో జరిగిన నమూనా నిర్మాణమే అది.

ఫలితం మరింత ఆశ్చర్యకరం. ఇతరదేశాలలో వేలాది లిబరేటర్లను తుక్కుగా కరిగించారు. నేడు బ్రిటన్, అమెరికా, కెనడా మ్యూజియంలలో ఉన్న కొన్ని లిబరేటర్లు భారత వాయుసేన నుండి వెళ్ళినవే. ఒకటి ఢిల్లీలోని పాలం మ్యూజియంలో ఉంది. పారవేసిన ముక్కలను ఓర్పుతో కూర్చినవారి వల్లనే ఆ రూపం మిగిలింది.

అయితే నమూనా చూపలేనిది ఒకటి ఉంది. పదిమంది సిబ్బందితో ఎగిరే ఈ విమానం దగ్గరి లక్ష్యాలకు సుమారు 3,600 కిలోల బాంబులు మోసుకుపోగలదు. వాటి కింద ఉన్న ఊళ్ళను ఏ కిట్‌లోనూ పెట్టరు. నమూనా చేతిలో అందంగా ఒదుగుతుంది, యుద్ధం ఒదగదు. అందువల్ల బల్లపై నిలిచిన విమానాన్ని చూసి గర్వించే విద్యార్థి, 1942లో విశాఖ, కాకినాడ వాసులు తలెత్తి చూసిన ఆకాశాన్నీ గుర్తు చేసుకోవాలి. కొలతలన్నిటినీ 72తో భాగించవచ్చు. మానవదుఃఖం అలా భాగింపబడదు. ఆ ఎరుకతో చేసిన నమూనా ఆటవస్తువుగా మిగలదు. అమరావతి ఫలకం వలె సాక్ష్యమై నిలుస్తుంది.

అభ్యాసం

1. బొమ్మకూ నమూనాకూ గల భేదాన్ని వివరించండి.
2. అమరావతి స్తూపరూపం నేటికీ ఎలా తెలుస్తున్నది?
3. కొండపల్లి బొమ్మల తయారీకీ విమాన నమూనా నిర్మాణానికీ గల పోలికలు రాయండి.
4. “నమూనా చేతిలో అందంగా ఒదుగుతుంది, యుద్ధం ఒదగదు” – ఈ వాక్యాన్ని సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.