గేదెల వెంట ఈదిన కుర్రాడు ఒలింపిక్స్‌కు వెళ్లాడు

మేడ్చల్, శామీర్‌పేట: ఎండాకాలం వచ్చిందంటే మన పల్లెల్లో పిల్లలు నడుముకు బెండు కట్టుకుని బావుల్లోకి దూకుతారు. నాలుగు రోజులకు బెండు విప్పేసి ఈదుతారు. ఆ ఈతను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. కాని అలా మొదలుపెట్టిన ఓ తెలుగు పల్లె కుర్రాడు 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఈదాడు. ఆయనే మెహబూబ్ షంషేర్ ఖాన్.

రేపల్లె దగ్గరి కైతేపల్లి ఆయన స్వగ్రామం. అప్పుడది గుంటూరు జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. గేదెల వెంట నీళ్లలోకి దిగి ఈత నేర్చుకున్న ఖాన్ 1946లో సైన్యంలో చేరారు. దమ్ము ఊరి నీళ్లు ఇచ్చాయి, పద్ధతి సైన్యం నేర్పింది. 1954లో 200 మీటర్ల బటర్‌ఫ్లైలో జాతీయ రికార్డు నెలకొల్పారు.

బటర్‌ఫ్లై అంటే సీతాకోకచిలుక ఈత. రెండు చేతులూ ఒక్కసారే నీటిపైకి లేపి ముందుకు విసరాలి. రెండు కాళ్లూ కలిపి చేప తోకలా కొట్టాలి. గోడను రెండు చేతులతోనూ తాకాలి. అన్ని ఈతల్లోకీ ఒళ్లు హూనం చేసేది ఇదే. ఒలింపిక్స్‌లో దీనికి విడిగా పోటీ పెట్టింది మొదటిసారి మెల్‌బోర్న్‌లోనే. ఆ మొదటి పోటీలోనే మన తెలుగువాడు ఉన్నాడు.

ఆ పోటీలో అమెరికా ఈతగాడు విలియం యార్జిక్ 2 నిమిషాల 19.3 సెకన్లలో బంగారు పతకం గెలిచాడు. ఖాన్‌కు అయిదో స్థానం వచ్చిందని చెప్పుకోవడం ఉంది. నిజానికి ఆయన ఫైనల్ చేరలేదు. అంతమాత్రాన ఆయన ఘనత తగ్గదు.

తర్వాత 1962, 1971 యుద్ధాల్లో పాల్గొన్నారు. 1973లో పదవీ విరమణ చేసి సొంత ఊరు చేరారు. 2017 అక్టోబరులో అక్కడే కన్నుమూశారు.

అదే 200 మీటర్ల దూరాన్ని కేరళకు చెందిన సాజన్ ప్రకాశ్ 2021 జూన్‌లో రోమ్‌లో 1 నిమిషం 56.38 సెకన్లలో ఈదారు. టోక్యో ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత సాధించిన తొలి భారతీయ ఈతగాడయ్యారు. ఏళ్ల తరబడి కొలనులో, శిక్షకుల దగ్గర చేసిన సాధన ఫలితమది.

మన వైపు నీళ్లకు కరువు లేదు, నేర్పేవారే కరువు. శామీర్‌పేట చెరువులో ఈతకు దిగి ప్రాణాలు పోగొట్టుకున్న పిల్లల వార్తలు ఎన్నోసార్లు చదివాం. పెద్దవాళ్ల తోడు లేకుండా పిల్లలను చెరువుకు పంపరాదు. శామీర్‌పేట దారిలోనే హకీంపేట క్రీడా పాఠశాల ఉంది. అక్కడ నాలుగో తరగతిలో పరీక్షలు పెట్టి పిల్లలను చేర్చుకుంటారు. చురుకైన పిల్లలున్న తల్లిదండ్రులు ఆ సంగతి కనుక్కోవాలి. మేడ్చల్, శామీర్‌పేటల్లో ఎండాకాలం సెలవుల్లోనైనా శిక్షకుణ్ణి పెట్టి ఈత నేర్పించే ఏర్పాటును అధికారులు చేయాలి. ఒలింపిక్స్ మాట తర్వాత, ముందు పిల్లల ప్రాణాలు దక్కుతాయి.