డ్రమ్ము రావట్లేదా? ముందు సుత్తి పక్కన పెట్టండి!

తాతల నాటి కారును మళ్లీ రోడ్డెక్కించాలన్న సరదా చాలామందికి ఉంటుంది. రీల్స్‌లో చూస్తే పనంతా రెండు నిమిషాల్లో అయిపోతుంది. దుమ్ము దులపడం, బ్యాటరీ మార్చడం, ఇంజిన్ స్టార్ట్ కావడం, చుట్టూ ఉన్నవాళ్లు కేకలు వేయడం... అంతే! కానీ ఏళ్ల తరబడి కదలని బండి ముందుగా మొండికేసేది వెనక చక్రాల దగ్గరే. ఇంజిన్ స్టార్టయినా బండి మాత్రం అంగుళం కూడా జరగదు. లోపల బ్రేకు డ్రమ్ములు తుప్పుతో బిగుసుకుపోయి ఉంటాయి.

మాది 1972 నాటి అంబాసిడర్, మార్క్ 2. మచిలీపట్నంలో తాతయ్య నడిపిన బండి. ఆయన పోయాక పదకొండేళ్లు పెరట్లో రేకుల షెడ్డు కిందే ఉంది. బందరు గాలి సంగతి తెలిసిందేగా! ఆ ఉప్పుకి గేటు గడియలే తుప్పు పట్టిపోతాయి, ఇక బ్రేకులెంత? దానికి తోడు తాతయ్యకి బండి ఎక్కడ ఆపినా హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగే అలవాటు. ఆయన లాగింది లాగినట్టే ఉండిపోయింది.

పాత ఇనుము వ్యాపారి రెండుసార్లు వచ్చి బేరమాడాడు. ఇంట్లోవాళ్లు దాదాపు ఒప్పేసుకున్నారు. 'బ్రేకులు బాగైతే ఉంచుదాం, లేకపోతే ఇచ్చేద్దాం' అని నాన్న తేల్చి చెప్పేశారు.

నా పట్టుదలకు ఇంకో కారణం కూడా ఉంది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన కార్లను వింటేజ్ వాహనాలుగా గుర్తిస్తూ కేంద్రం 2021లో నిబంధనలు తెచ్చింది. వాటికి 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. రోజువారీ తిరగడానికి వాడకూడదుగానీ ప్రదర్శనలకు, ర్యాలీలకు తీసుకెళ్లొచ్చు. మా బండి వయసు దానికి సరిపోతుంది. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది కాబట్టి ఉన్న ఒరిజినల్ డ్రమ్ములు పగలకుండా రావడం ముఖ్యం.

ట్రాక్టర్ కట్టి లాగేద్దామా?

ఊళ్లో ఎవర్నడిగినా ఒకటే సలహా: "ట్రాక్టర్ కట్టి లాగండి, అదే వదులుద్ది." వదిలితే వదలొచ్చు. కానీ లోపల బ్రేకు షూ మీదుండే లైనర్ ఊడి డ్రమ్ముకే అతుక్కుపోతే? ఆ ముక్క మధ్యలో ఇరుక్కుని చక్రం మళ్లీ పట్టేస్తుంది. చక్రం తిరిగినంత మాత్రాన బ్రేకు బాగైనట్టు కాదు. లోపలేం జరిగిందో చూడాలంటే డ్రమ్ము తీయాల్సిందే.

మా బండికి ఇది ఇంకా ముఖ్యం. ఆ రోజుల్లో బ్రేకు ఆయిల్‌కు ఒకటే లైను. నాలుగు చక్రాల్లో ఎక్కడ కారినా పెడల్ నేలకు దిగిపోయి, నాలుగు బ్రేకులూ పోతాయి. అప్పుడు మిగిలేది హ్యాండ్‌బ్రేక్. అది పనిచేసేది వెనక డ్రమ్ముల మీదే. టన్నుకు పైగా బరువున్న బండికి చివరి దిక్కు ఆ రెండు డ్రమ్ములే అన్నమాట.

ఎక్కడ పట్టేసిందో ముందు కనిపెట్టాలి

చక్రాలు తిరగని బండిని విజయవాడ ఆటోనగర్ దాకా తీసుకెళ్లలేం కదా. అందుకే అక్కడ ముప్పై ఏళ్లు అంబాసిడర్లే చేసిన మేస్త్రిని ఇంటికి పిలిపించాం. ఆయన వచ్చీరాగానే నా చేతిలో ఉన్న సుత్తి చూసి నవ్వారు. "అమ్మాయ్, అది అవతల పెట్టు. ముందు ఎక్కడ పట్టుకుందో చూద్దాం. కొట్టడానికి రోజంతా ఉంది" అన్నారు.

ముందు చక్రాలకు రెండు వైపులా చెక్కలు అడ్డం పెట్టాం. వెనక భాగం జాకీతో లేపి, స్టాండ్ల మీద నిలబెట్టాం. ఒక్క జాకీని నమ్ముకుని బండి కిందకు దూరొద్దు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ దించి, చక్రాలు ఊడదీశాం. డ్రమ్ముల్ని చేత్తో తిప్పి చూస్తే కుడిది కష్టంగా తిరిగింది. ఎడమది ససేమిరా అంది.

"రెండింటి జబ్బూ ఒకటి కాదు" అన్నారు మేస్త్రి. డ్రమ్ము తిరుగుతూనే బయటకు రాకపోతే, హబ్ దగ్గర తుప్పు పట్టి ఉండాలి, లేదా లోపల షూలు అంచుకు తగులుతుండాలి. అసలు తిరగనే తిరగకపోతే లైనర్ డ్రమ్ముకు అంటుకుపోయి ఉండాలి, లేదా హ్యాండ్‌బ్రేక్ కేబులో, వీల్ సిలిండరో బిగుసుకుపోయి ఉండాలి.

కుడి డ్రమ్ము: లోపలి గట్టు

డ్రమ్మును పట్టి ఉంచే చిన్న స్క్రూలు ముందు తీయాలి. అవి తుప్పులో కలిసిపోయి కంటికి కూడా ఆనవు. వైర్ బ్రష్‌తో గీకితేగానీ బయటపడలేదు. తర్వాత డ్రమ్ము మధ్యలో హబ్ చుట్టూ, బోల్టుల మొదట్లో తుప్పు వదిలించే ఆయిల్ కొద్దికొద్దిగా పోసి రాత్రంతా వదిలేశాం. ఎక్కువ పోస్తే లోపలికి కారి లైనర్లు పాడవుతాయి.

మర్నాడు పొద్దున అప్పుడు సుత్తి తీశారు మేస్త్రి. డ్రమ్ము ముఖం మీద, బోల్టుల మధ్య, చుట్టూ తిప్పుతూ చిన్న చిన్న దెబ్బలు. అంచు మీద మాత్రం ఒక్కటి కూడా వేయలేదు. డ్రమ్ము పోత ఇనుము, అంచున గట్టిగా తగిలితే పగిలిపోతుంది.

కాసేపటికి డ్రమ్ము సెంటీమీటరు దాకా బయటకొచ్చి ఆగిపోయింది. లాగితే స్ప్రింగులా వెనక్కి పోతోంది. హబ్ దగ్గర తుప్పు వదిలింది, ఇప్పుడు అడ్డుపడుతున్నది గట్టు! ఏళ్ల తరబడి షూలు రాసుకుని డ్రమ్ము లోపల అరిగిపోతుంది. రాసుకోని అంచు మాత్రం పొలం గట్టులా ఎత్తుగా మిగిలిపోతుంది. షూలు దానికి తట్టుకుంటాయి.

ఇక్కడ బలవంతంగా లాగితే షూలను పట్టి ఉంచే స్ప్రింగులు, పిన్నులు విరుగుతాయి. అందుకే డ్రమ్మును మళ్లీ లోపలికి నెట్టి, బ్రేకు అడ్జస్టర్‌ను పూర్తిగా వదులు చేశారు. మోడల్‌ని బట్టి ఈ అడ్జస్టర్ డ్రమ్ము మీది రంధ్రంలోంచో, వెనక ప్లేటు వైపు నుంచో అందుతుంది. షూలు దగ్గరికి ముడుచుకున్నాయి. డ్రమ్ము మెల్లగా చేతిలోకి వచ్చేసింది.

ఎడమ డ్రమ్ము: మూడో రోజు

ఎడమవైపు హ్యాండ్‌బ్రేక్ కేబుల్ తుప్పు పట్టి వెనక్కి రావడం లేదు. లోపల కారులో లివర్ దించినా షూలు డ్రమ్మును పట్టుకునే ఉన్నాయి. బండి కింద దూరి కేబుల్ కొసన పిన్ను తీసేస్తే ఆ పట్టు వదిలింది. వీల్ సిలిండర్ నిపుల్ కొంచెం తెరిస్తే గోధుమరంగు ఆయిల్ నాలుగు చుక్కలు కారింది. లోపల ఇంకా ఒత్తిడి ఉంటే అదీ పోతుంది.

అయినా డ్రమ్ము కదల్లేదు. లైనర్ అంటుకుపోయింది. చెక్క సుత్తితో డ్రమ్ము చుట్టూ తట్టడం, తిప్పి చూడటం, మళ్లీ తట్టడం... రెండో రోజంతా ఇదే పని. మూడో రోజు మధ్యాహ్నం 'టప్' మని ఒక చప్పుడు. డ్రమ్ము పావు చుట్టు తిరిగింది. మేస్త్రి సుత్తి కింద పెట్టి, "అమ్మా, ఇప్పుడు టీ పెట్టించు" అన్నారు.

ఎడమ డ్రమ్ము ఊడాక లోపల చూస్తే ఒక లైనర్ సగం లేచిపోయి ఉంది. సిలిండర్ రబ్బర్లు పెంకుల్లా ఎండిపోయాయి. ట్రాక్టర్‌తో లాగి, చక్రం తిరిగింది కదా అని రోడ్డెక్కి ఉంటే మొదటి గట్టి బ్రేకుకే ఆయిలంతా బయటకు పోయేది.

మీరూ చేస్తుంటే ఇవి మర్చిపోవద్దు

పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. ఆ పొడి ఊపిరితిత్తులకు ప్రమాదం. ఊదొద్దు, గాలి కొట్టొద్దు, పొడి బ్రష్‌తో దులపొద్దు. మంచి మాస్కు పెట్టుకుని, నీళ్లతో తడిపి, తడిగుడ్డతో తుడవండి.

కొన్ని డ్రమ్ములకు మరలున్న రంధ్రాలు రెండు ఉంటాయి. సరిపోయే బోల్టులు వాటిలో బిగిస్తే అవే డ్రమ్మును బయటకు నెడతాయి. రెండింటినీ కొంచెం కొంచెంగా, సమానంగా తిప్పాలి.

డ్రమ్ము లేత్‌కు వేసేముందు ఎంత మందం మిగిలిందో కొలిపించండి. పరిమితి దాటి పలచబడితే పక్కన పెట్టేయాలి.

సిలిండర్ రబ్బర్లు, బ్రేకు ఆయిల్ తప్పకుండా కొత్తవి వేయండి. మామూలు బ్రేకు ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. లోపల తుప్పుకు అదీ ఒక కారణం.

ఇక బండిని నెలల తరబడి ఆపాల్సి వస్తే హ్యాండ్‌బ్రేక్ లాగి వదిలేయకండి. చదునైన చోట నిలిపి, గేరులో ఉంచి, చక్రాలకు చెక్కలు పెట్టండి. నెలకోసారి నాలుగడుగులు ముందుకీ వెనక్కీ కదిపితే చాలు, మూడు రోజుల పని తప్పుతుంది.

పాత ఇనుము వ్యాపారి మొన్న మళ్లీ ఫోన్ చేశాడు. నాన్నే ఎత్తి, "బండి అమ్మట్లేదండీ" అని పెట్టేశారు.